గువామ్ అమ్మాయిలకు ఏడాదికి నాలుగు మ్యాచ్‌లు ఇప్పించండి: ఏఎఫ్‌సీ మహిళా ఫుట్‌బాల్ కమిటీకి బహిరంగ లేఖ

ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య మహిళా ఫుట్‌బాల్ కమిటీ సభ్యులకు,
కౌలాలంపూర్.

నమస్కారం.

2026 మహిళల ఆసియా కప్ అర్హత పోటీల్లో గువామ్ జట్టు వియత్నాంలోని ఫూథోలో వారం రోజుల్లో మూడు మ్యాచ్‌లు ఆడింది. 2025 జూన్ 29న మొదలై జులై 5న ముగిశాయి. ప్రత్యర్థులు మాల్దీవులు, యూఏఈ, ఆతిథ్య వియత్నాం. ఆఖరి మ్యాచ్‌లో వియత్నాం 4-0తో గెలిచింది. మొత్తం 34 జట్లు, 8 గ్రూపులు, గ్రూపులో మొదటి స్థానం దక్కిన జట్టుకే ఆసియా కప్ వేదిక ఆస్ట్రేలియాకు టికెట్. దాంతో గువామ్ ఇంటిముఖం పట్టింది. ఆసియా కప్ దారిలో మళ్లీ బంతి ముట్టుకోవాలంటే తర్వాతి అర్హత పోటీల దాకా ఎదురుచూడాల్సిందే.

పసిఫిక్‌లో ఎక్కడో ఉన్న ద్వీపం గొడవ తెలుగువాళ్లకెందుకని ఈ లేఖ చదివేవాళ్లు అడగొచ్చు. 2015 జూన్ 16న ప్రపంచ కప్ అర్హత పోటీల్లో భారత పురుషుల జట్టు ఇదే గువామ్ వెళ్లి 1-2తో ఓడి వచ్చింది. అంతకు ఐదు రోజుల ముందు తుర్క్‌మెనిస్తాన్ కూడా అక్కడే 0-1తో ఓడింది. లక్షన్నర జనాభా ఉన్న అమెరికా ద్వీప భూభాగం సొంత మైదానంలో ఆడితే ఏమవుతుందో మనకు అప్పుడే తెలిసింది. పురుషుల జట్టుకు ఆ అవకాశం ఇచ్చింది సొంతగడ్డ మీద, బయట చెరొకటి ఆడించే పద్ధతి. మహిళల అర్హత పోటీల్లో అది లేదు. గ్రూపు మొత్తం ఒకే చోట, ఒకే వారంలో లేదా పది పన్నెండు రోజుల్లో ముగిసిపోతుంది. మన జట్టూ ఆ పద్ధతిలోనే చియాంగ్ మైలో థాయ్‌లాండ్‌ను 2-1తో ఓడించి ఆసియా కప్‌కు వెళ్లింది. నిజామాబాద్ జిల్లా అమ్మాయి గుగులోత్ సౌమ్య ఆ జట్టులో ఉంది. భారత్ లాంటి పెద్ద దేశం ఎలాగోలా నెట్టుకొస్తుంది. గువామ్‌కు అది కుదరదు.

వియత్నాం చేతిలో 0-4 గురించి మాకు బెంగ లేదు. 1997లో ఇదే ఆసియా టోర్నీలో జపాన్ 21-0తో గువామ్‌ను ఓడించింది. ఆ స్కోరుతో పోలిస్తే 0-4 చిన్న పురోగతేమీ కాదు. ర్యాంకింగ్ లెక్క కూడా ఇలాంటి ఓటమిని పెద్దగా పట్టించుకోదు. జాతీయ అసోసియేషన్ల ఆఫీసుల్లోనే ఈ లెక్క తెలియనివాళ్లు చాలామంది కనిపిస్తున్నారు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాం.

ఫిఫా మహిళల ర్యాంకింగ్‌లో మ్యాచ్ అయ్యాక కలిసే లేదా పోయే పాయింట్లు రెండు అంకెల మీద ఆధారపడతాయి. మొదటిది మ్యాచ్ బరువు: ఫ్రెండ్లీకి 15, ఆసియా కప్ అర్హత మ్యాచ్‌కు 30, ప్రపంచ కప్ మ్యాచ్‌కు 60. రెండోది, వచ్చిన ఫలితానికీ ముందుగా ఆశించిన ఫలితానికీ మధ్య తేడా. ఆశించిన ఫలితం కట్టేటప్పుడు సొంతగడ్డ మీద ఆడే జట్టుకు 100 పాయింట్లు అదనంగా ఉన్నట్టు లెక్కేస్తారు. ఓడిన జట్టుకూ ఫలితం సున్నా కాదు. 0-1తో ఓడితే 0.15, 0-2కు 0.08, 0-3కు 0.04, 0-4కు 0.03, 0-6తో ఓడితే 0.01. ఆ పైన ఎన్ని గోల్స్ పడ్డా అంకె మారదు, అంటే ఈ పట్టిక దృష్టిలో 0-6, 0-21 ఒకటే.

ఇప్పుడు మనకంటే 400 పాయింట్లు ఎక్కువున్న జట్టుతో, వాళ్ల గడ్డ మీదే ఆసియా కప్ అర్హత మ్యాచ్ ఆడాం అనుకుందాం. ఆశించిన ఫలితం సుమారు 0.053. మ్యాచ్ 0-4తో పోతే పోయేది 0.7 పాయింటు. ఆ నాలుగు గోల్స్‌కు బదులుగా మనవాళ్లు ఒక్కటి కొట్టి 1-4 చేస్తే నష్టం దాదాపు ఏమీ ఉండదు. అదే సమాన పాయింట్లున్న జట్టుతో తటస్థ వేదికలో 1-0తో గెలిస్తే 10.5 పాయింట్లు వస్తాయి, ఓడితే 10.5 పోతాయి. సాటి జట్టుతో ఆడే ఒక్క మ్యాచ్ పెద్ద జట్టు చేతిలో తినే దెబ్బకు పదిహేను రెట్లు బరువన్నమాట. గువామ్‌కు ఎక్కువ కావాల్సింది అలాంటి మ్యాచ్‌లే, దొరికేది మాత్రం అర్హత పోటీల వారంలో ఒకటీ రెండు.

సాటి జట్లు గువామ్ రావడానికి వెనకాడేదీ ఇక్కడే. ఆడకుండా కూర్చుంటే పాయింట్లు పోవు, సీడింగ్ (ర్యాంకును బట్టి డ్రాలో దక్కే స్థానం) చెదరదు అనే లెక్క ఉంది. దాన్నీ కాగితం మీద పెట్టి చూద్దాం. సమాన పాయింట్లున్న జట్టు గువామ్ వచ్చి ఫ్రెండ్లీ ఆడి 0-1తో ఓడితే పోయేది 3 పాయింట్ల పైచిలుకు. 1-0తో గెలిస్తే వచ్చేది 7 పైచిలుకు. 1-1 డ్రా అయినా 2 పాయింట్లు వస్తాయి. ఈ ముక్క మీ సభ్య సంఘాలకు మీరే ఒక సర్క్యులర్‌లో చెబితే సగం భయం పోతుంది.

పక్కవాళ్లతో ఆడుకోవచ్చు కదా అంటారు. గువామ్‌కు అతి దగ్గరి జట్టు ఉత్తర మరియానా దీవులు. సైపాన్ రెండు వందల కిలోమీటర్ల దూరం, విమానంలో ముప్పావు గంట. 2020 డిసెంబరులో వాళ్లను మీరే పూర్తి సభ్యులుగా చేర్చుకున్నారు, కానీ ఫిఫాలో వాళ్లకు సభ్యత్వం లేదు. కాబట్టి ఆ మ్యాచ్‌కు ర్యాంకింగ్ పాయింట్లు ఉండవు. పలావ్, మైక్రోనేషియా, మార్షల్ దీవులదీ అదే పరిస్థితి. ఆ తర్వాత దగ్గర అంటే మనీలా, టోక్యో. రెండూ రెండున్నర వేల కిలోమీటర్ల పైమాటే. టోక్యో వెళ్తే ఎదురయ్యేది జపాన్.

మ్యాచ్‌లు లేకపోతే ఆటలో ఏం తెగుతుందో కోచ్‌లందరికీ తెలుసు, షెడ్యూలు వేసేవాళ్లకూ తెలియాలి. ఇలాంటి జట్లు మొదటి గంట దాకా బాగానే నిలబడతాయి. ఆ తర్వాత బ్యాక్ లైన్ పద్దెనిమిది గజాల గీత మీదికి జారిపోతుంది. సెంటర్ బ్యాక్ కొట్టిన క్లియరెన్స్ పాతిక మీటర్లు దాటదు. మిడ్‌ఫీల్డర్లు వెనక్కి పరిగెత్తే ఓపిక లేక మధ్యలోనే ఉండిపోతారు. బాక్సు అంచున పడ్డ ఆ బంతి ప్రతిసారీ ప్రత్యర్థి కాళ్ల దగ్గరికే వెళ్తుంది. మళ్లీ క్రాస్, మళ్లీ కార్నర్. పదిహేను నిమిషాల్లో మూడు గోల్స్ పడటం ఇలాగే. దీన్ని ఫిట్‌నెస్ లోపం అనేస్తారు. ఫిట్‌నెస్ కొంతే. అలసిపోయినప్పుడు లైన్‌ను ఎప్పుడు పైకి తీయాలి, బంతిని ఎక్కడికి కొట్టి ఊపిరి తీసుకోవాలి, ఏ నిమిషంలో నేల మీద పడి ఫిజియోను పిలవాలి అన్నవి సమానమైన పోటీలో ఆడుతూ ఆడుతూ వంటబట్టాల్సినవి. (ఆ చివరిది రిఫరీలకు నచ్చదు, తెలుసు.) ప్రాక్టీసులో ఇవి రావు. ద్వీపంలోని లీగ్‌లో అంతా ఒకరికొకరు తెలిసినవాళ్లే కాబట్టి అక్కడా రావు.

రెండో ముడి ఆటగత్తెల లభ్యత. గువామ్‌లో పుట్టి పెరిగిన అమ్మాయిల్లో ఆట బాగా వచ్చినవాళ్లు చదువుకు అమెరికా ప్రధాన భూభాగం వెళ్లిపోతారు. అక్కడే పుట్టిన చమొర్రో (గువామ్ మూలవాసుల) కుటుంబాల అమ్మాయిలూ జట్టుకు ఆధారం. గువామ్ పౌరులందరిదీ అమెరికా పాస్‌పోర్టే కాబట్టి ఫిఫా పాస్‌పోర్టు ఒక్కటీ చూసి ఊరుకోదు. తాను గువామ్‌లో పుట్టి ఉండాలి, లేదా తల్లీతండ్రుల్లో ఒకరో, తాత అవ్వల్లో ఒకరో అక్కడ పుట్టి ఉండాలి, లేదా నిబంధన చెప్పినన్ని ఏళ్లు అక్కడ నివసించి ఉండాలి. అవ్వ పుట్టుక ద్వారా వచ్చే అమ్మాయి విషయంలో కాగితాల గొలుసు ఇలా ఉంటుంది: తన జనన ధ్రువపత్రం, తల్లిది, అవ్వది, పెళ్లితో ఇంటిపేరు మారిన ప్రతిచోటా వివాహ ధ్రువపత్రం. ఒక్క లంకె తెగినా ఫైలు ఆగిపోతుంది. జట్టు పేర్లు పంపే గడువుకు రెండు వారాల ముందు మొదలుపెడితే తెమిలే పని కాదు. ఆరు నెలల ముందే మొదలుపెట్టాలి. అలా మొదలుపెట్టాలంటే మ్యాచ్ తేదీ ఆరు నెలల ముందే తెలియాలి. తేదీలు మీ చేతిలో ఉన్నాయి.

అమెరికా కాలేజీల్లో మహిళల ఫుట్‌బాల్ సీజన్ ఆగస్టు నుంచి డిసెంబరు మొదటి వారాల దాకా. అంతర్జాతీయ విండోలో (దేశాల మ్యాచ్‌లకు ఫిఫా కేటాయించిన రోజుల్లో) ఆటగత్తెలను వదిలిపెట్టాలన్న ఫిఫా నిబంధన క్లబ్బులను కట్టిపడేస్తుంది. కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ ఫుట్‌బాల్ సమాఖ్య కాదు, దానికి ఆ నిబంధన పట్టదు. అక్టోబరు, నవంబరు విండోల్లో గువామ్‌కు మ్యాచ్ వేస్తే కోచ్ దయ ఉన్న అమ్మాయి వస్తుంది, లేని అమ్మాయి రాదు. స్కాలర్‌షిప్ మీద చదివే పిల్ల కోచ్‌తో తగువు పెట్టుకోలేదు. ఫిబ్రవరి-మార్చి, ఏప్రిల్ విండోల్లో వాళ్లకు అసలు సీజన్ ఉండదు. జూన్‌లో సెలవులు. 2025 అర్హత పోటీలు జూన్ చివర పెట్టడం ఈ ఒక్క విషయంలో మంచి నిర్ణయం, ఒప్పుకుంటున్నాం.

ప్రయాణం సంగతి కూడా తేదీల్లోకే వస్తుంది. లాస్ ఏంజిలిస్‌లో శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి బయల్దేరి హొనొలులులో విమానం మారి గువామ్ చేరేసరికి, పదహారు గంటల ప్రయాణం అనుకున్నా, అక్కడ శనివారం సాయంత్రం ఐదవుతుంది. వేసవి గడియారం ప్రకారం తేడా పదిహేడు గంటలు. ఆదివారం తేలికపాటి పరుగు, సోమవారం సగం ప్రాక్టీసు, మంగళవారం మ్యాచ్ అంటే ఆ అమ్మాయి శరీరానికి అది ఇంకా అర్ధరాత్రి ఆటే. మ్యాచ్‌కు కనీసం ఐదు రోజుల ముందు చేరాలి. విండో మొదటి రోజునే మ్యాచ్ పెట్టే షెడ్యూలుతో అది సాధ్యం కాదు.

సొంతగడ్డ మీద ఆడించడంలో చిక్కులు లేవని మేం అనం. మొదటిది వీసా. గువామ్‌లో దిగడమంటే అమెరికాలో దిగడమే. మంగోలియా, మాల్దీవులు, తైమూర్ లెస్తె, భారత్ జట్లు వస్తే ప్రతి ఒక్కరికీ వీసా, ఇంటర్వ్యూ. కానీ హాంకాంగ్, సింగపూర్, మలేసియా, తైవాన్, జపాన్, దక్షిణ కొరియా పాస్‌పోర్టులతో వీసా లేకుండా గువామ్‌లో కొద్దిరోజులు ఉండొచ్చు. మొదటి ఏడాది ప్రత్యర్థులను ఈ జాబితాలోంచి ఎంచుకుంటే సగం తలనొప్పి పోతుంది. వచ్చే జట్టు కోచో ఫిజియోనో వేరే దేశస్తులైతే మాత్రం వాళ్లకు విడిగా చూసుకోవాలి. ఇది ఆఖరి వారంలో బయటపడి ఫిజియో లేకుండా విమానమెక్కే జట్లుంటాయి. వీసా అవసరమైన జట్టును పిలిస్తే ఇరవై ముగ్గురి పేర్లు ఖరారయ్యేదాకా ఆగకుండా నలభై మందికి దరఖాస్తు చేయించాలి, నాలుగు నెలల ముందు.

రెండోది వాతావరణం. అక్కడ జులై నుంచి నవంబరు దాకా వానలు, తుపాన్ల కాలం. జనవరి నుంచి జూన్ దాకా పొడి కాలం. 2023 మే 24న మావర్ తుపాను పొడి కాలంలోనే వచ్చి ద్వీపంలో చాలా చోట్ల కరెంటూ నీళ్లూ ఆపేసింది నిజమే, అయినా అక్టోబరు కంటే ఏప్రిలే నయం. కాలేజీ క్యాలెండరూ తుపాను క్యాలెండరూ రెండూ ఫిబ్రవరి, ఏప్రిల్ వైపే వేలు చూపిస్తున్నాయి.

మూడోది టర్ఫ్. ఎండలో కృత్రిమ పచ్చిక గాలి కంటే చాలా ఎక్కువ వేడెక్కుతుంది, పాదాల అడుగున మంట పుడుతుంది. కాబట్టి ఆట రాత్రి ఏడింటికే. మ్యాచ్‌కు ముందు, విరామంలో మైదానం తడపాలి. వెట్ బల్బ్ గ్లోబ్ కొలత (వేడి, తేమ, ఎండ కలిపి చూసేది) 32 డిగ్రీలు దాటితే కూలింగ్ బ్రేక్ ఇవ్వాలని ఉంది. ఆ కొలిచే పరికరం మ్యాచ్ కమిషనర్ చేతిలో ఉండాలి, ఫోన్‌లో చూసి చెప్పడం కాదు. టర్ఫ్ మీద ఆడబోతున్నామని వచ్చే జట్టుకు ముందే రాతపూర్వకంగా చెప్పాలి. గడ్డి మైదానం బూట్ల పొడవాటి స్టడ్స్ టర్ఫ్‌లో ఇరుక్కుంటే పాదం ఆగిపోతుంది, మోకాలు తిరుగుతుంది. ఏసీఎల్ (మోకాలి లోపలి లిగమెంటు) గాయాలు ఆడవాళ్లలో అసలే ఎక్కువ. గువామ్ అమ్మాయిలు గడ్డి మీద ఆడటానికి వెళ్లినప్పుడూ అంతే: ఇంటి దగ్గర టర్ఫ్ బూట్లు, అక్కడ గడ్డి బూట్లు, ఒక్కొక్కరికి రెండు జతలు. కొత్త జత మ్యాచ్ రోజు తొడుక్కుంటే మడమ బొబ్బలెక్కుతుంది.

ఇక డబ్బు. ఫిఫా ఫార్వర్డ్ కార్యక్రమం కింద 2023-26 నాలుగేళ్లకు ప్రతి సభ్య సంఘానికీ 80 లక్షల డాలర్ల దాకా అందుతుంది. అందులో నిర్వహణ ఖర్చులకు 50 లక్షలు, అంటే ఏడాదికి పన్నెండున్నర లక్షలు. భారత్‌కైనా గువామ్‌కైనా గరిష్ఠం అదే. 23 మంది ఆటగత్తెలు, 9 మంది సిబ్బందికి తలకు 900 డాలర్ల టికెట్ అనుకుంటే 28,800. పదహారు గదులు, ఆరు రాత్రులు, గదికి వంద చొప్పున 9,600. ఒక బయటి ప్రయాణానికి 38,400 డాలర్లు. ఇది మా అంచనా, టికెట్ ధర పెరిగితే పెరుగుతుంది. అలాంటివి రెండు చేసినా ఏడాది నిర్వహణ సొమ్ములో ఆరు శాతం చిల్లర. పురుషుల జట్టు, పిల్లల జట్లు, జీతాలు, కరెంటు బిల్లు అన్నీ అందులోంచే కట్టాలి కాబట్టి ఇది చిన్న మొత్తం అనడం లేదు. కానీ మ్యాచ్‌లు లేకపోవడానికి డబ్బొక్కటే కారణమన్న మాట మాత్రం నిలవదు.

వేరే ఖండాలు ఏం చేశాయో మీకు తెలియనిది కాదు. యూరప్‌లో 2023లో మహిళల నేషన్స్ లీగ్ మొదలుపెట్టి జట్లను స్థాయిని బట్టి మూడు లీగులు చేశారు. దాదాపు 54 వేల జనాభా ఉన్న ఫారో దీవులు సి లీగ్‌లో తమ స్థాయి జట్లతో ఆడాయి. నాలుగు జట్ల గ్రూపు అయితే ఆరు మ్యాచ్‌లు, మూడు సొంత ఊళ్లో. కాంకకాఫ్ (ఉత్తర, మధ్య అమెరికా, కరీబియన్ సమాఖ్య) 2022 అర్హత పోటీల్లో 30 జట్లను ఐదేసి చొప్పున ఆరు గ్రూపులు చేసి ఒక్కో జట్టుకు రెండు ఇంటి దగ్గర, రెండు బయట ఇచ్చారు. కేమన్ దీవులు, బెర్ముడా ఒకే గ్రూపులో పడ్డాయి.

మేం అడిగేది అంతకంటే తక్కువే. అర్హత పోటీల్లో ముందుకు వెళ్లని కింది స్థాయి తూర్పు జట్లను నాలుగింటిని ఒక గుంపుగా చేయండి. ఉదాహరణకు గువామ్, హాంకాంగ్, సింగపూర్, మలేసియా. ఏడాదికి రెండే విండోలు, ఒక్కో జట్టుకు నాలుగు మ్యాచ్‌లు. ఫిబ్రవరి-మార్చి విండోలో గువామ్ సింగపూర్ వెళ్లి ఒక మ్యాచ్, నాలుగు రోజులాగి వంతెన దాటి జొహోర్ బహ్రులో మలేసియాతో ఒక మ్యాచ్. విమానం ఒక్కటే, మధ్యలో బస్సు. ఏప్రిల్‌లో హాంకాంగ్ గువామ్ వచ్చి నాలుగు రోజుల తేడాతో రెండు మ్యాచ్‌లు. ఒకే ప్రత్యర్థితో రెండుసార్లు ఎందుకంటే, మొదటి మ్యాచ్ వీడియో చూసి రెండో మ్యాచ్‌లో సరిదిద్దుకోవడమే ఈ జట్లకు దొరకని చదువు. మరుసటి ఏడాది వంతులు మారతాయి. దీనికి ట్రోఫీ, ప్రారంభోత్సవం, పాట, మస్కట్ ఏవీ అక్కర్లేదు. ఫ్రెండ్లీ బరువు 15తోనే నడిచినా ఫర్వాలేదు.

దీంతోపాటు అర్హత పోటీల్లో మ్యాచ్‌ల మధ్య ఇప్పుడున్న రెండు రోజుల ఖాళీని మూడు చేయండి. వియత్నాం లాంటి జట్టు పదకొండు మందిలో ఏడుగురిని మార్చి ఆడగలదు. గువామ్‌కు ముగ్గురిని మార్చితేనే జట్టు మారిపోతుంది.

విదేశాల్లో విడివిడిగా ఉండే అమ్మాయిలకు జాతీయ శిబిరం ఏడాదికి కొద్ది రోజులే. మిగతా రోజుల్లో ఫిఫా 11+ వామప్ వారానికి కనీసం రెండుసార్లు ఎవరికి వాళ్లు చేయాలి: 8 నిమిషాల పరుగు, 10 నిమిషాలు బలం, గెంతులు, నిలకడ, చివర 2 నిమిషాల వేగపు పరుగు, మొత్తం 15 వ్యాయామాలు. చేశారో లేదో చూసే ఫిజియోను ఏడాది పొడుగునా పెట్టుకోవడానికి చిన్న సంఘాలకు మీ వైపు నుంచి ఒక్క జీతం సాయం చేయగలిగితే పోయే మోకాళ్లు కొన్ని మిగులుతాయి.

ఒక చిన్న విషయం కిట్ గురించి. బయటి టోర్నీకి వెళ్లే జట్టు రెండు రంగుల్లో ఒక్కొక్కరికి రెండేసి జెర్సీలు, నంబరు లేనివి నాలుగు అదనంగా తీసుకెళ్లాలి. రక్తపు మరక పడిన జెర్సీతో రిఫరీ ఆడనివ్వరు. మార్చుకోవడానికి ఇంకోటి లేక ఆటగత్తె గీత బయట నిలబడితే పదిమందితో ఆడాల్సి వస్తుంది. తెల్ల షార్ట్స్‌ను తప్పనిసరి చేసే రంగుల పొత్తు పడకుండా మీ మ్యాచ్ సమన్వయ సమావేశంలోనే చూడండి. కారణం మహిళా కమిటీకి విడమరచి చెప్పనక్కర్లేదు.

తదుపరి అర్హత పోటీల పద్ధతి ఖరారు చేసే ముందు గువామ్, మకావ్, మాల్దీవులు, ఉత్తర మరియానా సంఘాలకు ఒక ప్రశ్నావళి పంపండి. ఏ నెలల్లో మైదానం, ఫ్లడ్‌లైట్లు ఖాళీ, ఎంతమంది ఆటగత్తెలు కాలేజీల్లో ఉన్నారు, ఏ దేశాలకు వీసా కావాలి, గడచిన నాలుగేళ్లలో ఎన్ని మ్యాచ్‌లు రద్దయ్యాయి, ఎందుకు. ఒక పేజీ చాలు. ఆ జవాబులు డ్రా తీసే బల్ల మీద ఉండాలి.

ఇట్లు,
మహిళల ఫుట్‌బాల్‌లో కోచింగ్, రిఫరీయింగ్, జట్టు నిర్వహణ పనులు చూసే కొందరు తెలుగువాళ్లం